శిక్ష అనుభవించి వచ్చిన ఆటగాణ్ణి మళ్ళీ జట్టులోకి తీసుకోవచ్చునా?

కావలి కూత
డిసెంబరు 17, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న పల్లె. ప్రతి సంక్రాంతికీ మా ఊళ్ళో కబడ్డీ పోటీలు పెడతాం. అల్లూరు, బిట్రగుంట, ఉలవపాడు, సింగరాయకొండ వైపుల నుంచి జట్లు వస్తాయి. నేను పన్నెండేళ్ళుగా నిర్వాహక కమిటీలో ఉన్నాను. నిన్ననే నెలగంట పెట్టారు. జనవరి 5లోగా మా ఊరి జట్టు జాబితా ఖరారు కావాలి. కమిటీలో పదకొండు మందిమి ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాం, మూడుసార్లూ ఒకే పేరు దగ్గర ఆగిపోయాం.

ఆ పేరు గల మనిషి ఒకప్పుడు మా జట్టుకు ప్రధాన రైడర్, అంటే అవతలి పక్షంలోకి కూతకు వెళ్ళే ఆటగాడు. ఎనిమిదేళ్ళ క్రితం వినాయక నిమజ్జనం రాత్రి, ట్రాక్టరు ముందు ఏ వీధివాళ్ళు నడవాలన్న మాట మీద కుర్రవాళ్ళ మధ్య గొడవ లేచింది. ఇతడు చేతికందిన కర్రతో కొట్టిన దెబ్బ ఒక పిల్లవాడి తలకు తగిలింది, మూడో రోజున ఆ పిల్లవాడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఇరవై రెండేళ్ళవాడు. అతడూ మా జట్టులోనే కార్నర్ ఆడేవాడు. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చునని తెలిసి చేసిన నేరంగా కోర్టు దాన్ని నిర్ధారించి ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. ఇతడు అప్పీలుకు వెళ్ళలేదు. రెమిషన్, అంటే జైలులో ఇచ్చే శిక్ష తగ్గింపు, పోగా మిగిలిన శిక్షంతా అనుభవించి ఈ వేసవిలో ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు. తెల్లవారకముందే లేచి చెరువుకట్ట మీద ఒంటరిగా పరుగెత్తుతున్నాడు. ఆడతానని తానుగా వచ్చి అడగలేదు, అడుగుతున్నది జట్టు కుర్రవాళ్ళే.

చనిపోయిన పిల్లవాడి ఇల్లు మా కబడ్డీ కోర్టు సున్నపు గీతకు అరవై గజాల దూరంలో ఉంది. మైకు స్తంభాన్ని ఏటా ఆ ఇంటి ప్రహరీ పక్కనే నాటుతాం. రైడర్ కూతకు వెళ్ళిన ప్రతిసారీ అతడి పేరును మైకులో చెప్పడం మా ఆనవాయితీ. మేము ఇతణ్ణి జట్టులో పెట్టుకుంటే, ఆ తల్లి తలుపులు మూసుకుని వంటింట్లో కూర్చున్నా ఆ పేరు మూడు రోజుల పాటు ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. కోర్టు విధించిన శిక్ష పూర్తయిన తరువాత మేము మరొక శిక్ష వేయవచ్చునా? వేయకపోతే ఆ తల్లికి వేసినట్టు కాదా? పెద్ద పెద్ద ఆటల్లో ఇలాంటి సందర్భాలు వచ్చినప్పుడు ఏం చేశారో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.


ఒంగోలు వకీలు
డిసెంబరు 18, ఉదయం 7:25

కావలి కూత గారు అడిగినదానిలో చట్టానికి సంబంధించిన భాగాన్ని ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఆ భాగంలో పెద్ద చిక్కు లేదు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషి ఆటలు ఆడకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. చట్టసభలకు పోటీ చేసేవారి విషయంలో ఉంది. రెండేళ్ళు లేదా అంతకు మించిన శిక్ష పడితే, విడుదలైన తరువాత మరో ఆరేళ్ళ వరకు పోటీ చేయడానికి వీల్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఆ నిబంధనను రాసినవారు ఒక గడువు పెట్టారు గాని జీవితాంతం అనలేదన్నది గమనించదగిన విషయం. ఆటగాడికి అటువంటి గడువు కూడా లేదు. అయితే జట్టులో చోటు ఎవరికీ హక్కు కాదు. ఫలానావాణ్ణి తీసుకోలేదని మీ కమిటీ మీద ఎవరూ కోర్టుకు వెళ్ళి గెలవలేరు.

క్రీడాసంస్థలు తమంతట తాము వేసే నిషేధాల గురించి సుప్రీంకోర్టు 2019లో క్రికెట్ బౌలర్ శ్రీశాంత్ కేసులో చెప్పిన మాట ఇక్కడ పనికివస్తుంది. 2013 ఐపీఎల్‌లో స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణ వచ్చింది, క్రికెట్ బోర్డు అతడిపై జీవితకాల నిషేధం విధించింది. 2015లో ఢిల్లీ క్రిమినల్ కోర్టు అతడిపై అభియోగాలను కొట్టివేసినా బోర్డు నిషేధాన్ని ఎత్తివేయలేదు. క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం బోర్డుకు ఉన్నదని సుప్రీంకోర్టు అంగీకరిస్తూనే, తప్పుకు తగిన కొలతలో శిక్ష ఉండాలని, జీవితకాలం అనడానికి తగిన కారణం చూపాలని చెప్పి, శిక్షను మళ్ళీ నిర్ణయించమంది. అది ఏడేళ్ళకు తగ్గింది. 2021 జనవరిలో అతడు కేరళ తరఫున మళ్ళీ బంతి పట్టుకున్నాడు. కాబట్టి కమిటీ వద్దనుకుంటే వద్దనవచ్చు, కాని ఎంతకాలం వద్దంటున్నదో, ఎందుకు వద్దంటున్నదో రాసిపెట్టుకోవాలి. ఎప్పటికీ వద్దు అనే మాటను నోరు జారి అనకూడదు.

ఇక నా సొంత అభిప్రాయం. మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో 1977లో జస్టిస్ కృష్ణయ్యర్, శిక్ష ఉద్దేశం మనిషిని బాగుచేసి సమాజంలోకి పంపడమేనని విస్తారంగా రాశారు. ముప్ఫై ఏళ్ళుగా నేను ముద్దాయిల పక్కన నిలబడుతున్నాను. జైలు నుంచి వచ్చినవాడికి ఇంటి అద్దె, పని, పెళ్ళి సంబంధం, అన్నిటి దగ్గరా తలుపులు మూసుకుంటాయి. ఏ ఒక్కటైనా తెరిచి ఉంటే అతడు మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కడు. ఆ కుర్రవాడికి తెరిచి ఉన్న తలుపు కబడ్డీ ఒక్కటే అయితే, దాన్ని మూసే ముందు మీరు చాలా ఆలోచించాలి.


పెన్న ఒడ్డు
డిసెంబరు 18, మధ్యాహ్నం 1:40

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం మెట్ల మీద పెరిగినవాణ్ణి కాబట్టి క్రికెట్ గురించి రాస్తాను. ఈ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే ఉదాహరణ పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆమిర్. 2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో డబ్బు కోసం కావాలని నోబాల్స్ వేశాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు. అతడితో పాటు కెప్టెన్ సల్మాన్ బట్, మహమ్మద్ ఆసిఫ్ కూడా 2011 నవంబరులో లండన్ కోర్టులో జైలుశిక్షకు గురయ్యారు. ఆమిర్‌కు పడింది ఆరు నెలలు. ఐసీసీ విధించిన ఐదేళ్ళ నిషేధం అదనం. అతడు నేరాన్ని ఒప్పుకున్నాడు, మిగిలిన ఇద్దరూ విచారణ దాకా వెళ్ళారు. 2016లో తిరిగి వచ్చి అదే జూలైలో అదే లార్డ్స్‌లో టెస్టు ఆడాడు. మరుసటి ఏడాది ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్, కోహ్లీ, ధావన్ ముగ్గురినీ అతడే పెవిలియన్‌కు పంపాడు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న నాకు ఎంత బాధ కలిగినా, అతడికి అక్కడ ఉండే అర్హత లేదని మాత్రం అనిపించలేదు.

అయితే ఆ రాక కూడా సాఫీగా జరగలేదు. 2015 చివరలో జాతీయ శిబిరానికి ఆమిర్‌ను పిలిచినప్పుడు మహమ్మద్ హఫీజ్, అజహర్ అలీ తాము ఆ శిబిరానికి రామన్నారు. తరువాత బోర్డు నచ్చజెప్పగా వచ్చారు. ఆట పరువు తీసినవాడితో కలిసి ఆడలేమని సాటి ఆటగాళ్ళు అనడంలో తప్పేమీ లేదని నా ఉద్దేశం. వాళ్ళకు ఆ మాట అనే అవకాశం ఇచ్చి, ఆ తరువాత ముందుకు వెళ్ళడం మంచిదే అయింది.

మరొక సంగతిని కూడా మరచిపోకూడదు. కింది కోర్టు దోషి అన్నంత మాత్రాన కథ ముగియదు. దక్షిణాఫ్రికా పేసర్ మఖాయా ఎన్తినికి 1999లో అత్యాచారం కేసులో శిక్ష పడింది, అప్పీలులో నిర్దోషి అని తేలింది. ఆ తరువాత అతడు మళ్ళీ జట్టులోకి వచ్చాడు, మొత్తం మీద 101 టెస్టులు ఆడి 390 వికెట్లు తీశాడు. నేపాల్ స్పిన్నర్ సందీప్ లామిఛానేకు 2024 జనవరిలో ఎనిమిదేళ్ళ శిక్ష పడింది, అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టివేసింది. వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు చెడ్ ఎవాన్స్‌ది ఇంకా చిక్కైన కథ. 2012లో అత్యాచారం కేసులో శిక్ష పడి, 2014లో జైలు నుంచి వచ్చినప్పుడు షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్ అతణ్ణి సాధనకు రమ్మంది. లక్షన్నర మందికి పైగా వ్యతిరేకంగా సంతకాలు చేశారు. ఒలింపిక్ విజేత జెస్సికా ఎన్నిస్ హిల్, అతణ్ణి తీసుకుంటే స్టేడియంలోని స్టాండుకు పెట్టిన తన పేరును తీసివేయమంది. క్లబ్ వెనక్కి తగ్గింది. 2016లో ఆ తీర్పు రద్దయి, పునర్విచారణలో అతడు నిర్దోషి అయ్యాడు. జనం కోపానికి లొంగి తీసుకున్న నిర్ణయం తరువాత ఎలా కనిపిస్తుందో చెప్పలేం.


సింగరాయకొండ టీచరమ్మ
డిసెంబరు 18, సాయంత్రం 6:05

నేను ఇరవై ఏళ్ళుగా బడిలో ఆడపిల్లలకు వాలీబాల్, ఖోఖో నేర్పిస్తున్నాను. ఇక్కడ అందరూ తిరిగి వచ్చే ఆటగాడి వైపు నుంచి రాస్తున్నారు. నేను అవతలి వైపు నుంచి రాయవలసి ఉంది.

నెదర్లాండ్స్ బీచ్ వాలీబాల్ ఆటగాడు స్టీవెన్ వాన్ డె వెల్డె 2014లో, తనకు పందొమ్మిదేళ్ళ వయసులో, ఇంటర్నెట్‌లో పరిచయమైన పన్నెండేళ్ళ పాప కోసం ఇంగ్లండ్ వెళ్ళి ఆమెపై అత్యాచారం చేశాడు. నేరం ఒప్పుకున్నాడు. 2016లో నాలుగేళ్ళ శిక్ష పడింది. స్వదేశానికి మార్చారు, మొత్తం మీద ఏడాది కాస్త దాటేసరికి విడుదలై, 2017లోనే మళ్ళీ ఆటలోకి వచ్చాడు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. అతడి పేరు చదివినప్పుడు ప్రేక్షకులు కేకలు వేసి నిరసన తెలిపారు. అతణ్ణి క్రీడాగ్రామంలో ఉంచకుండా వేరేచోట ఉంచారు, విలేకరులతో మాట్లాడనివ్వలేదు. గ్రామంలో ఉంచడానికి పనికిరాని మనిషి దేశపు జెర్సీ వేసుకోవడానికి ఎలా పనికివచ్చాడో నాకు అర్థం కాలేదు. ఆ పాపకు ఇప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. టీవీ పెడితే, ఫోను తెరిస్తే, ఆ ముఖం. అతడి శిక్ష ముగిసింది, ఆమెకు ముగింపు తేదీ ఎవరు రాసిచ్చారు?

వకీలు గారు ఆటను ఉపాధిగా చూస్తున్నారు. మా ఊళ్ళలో అది అంతకంటే పెద్దది. ఒక కుర్రవాడు మండల స్థాయిలో ఆడితే పిల్లలు అతడి వెంట తిరుగుతారు, సాయంత్రం మెళకువలు నేర్పమంటారు, నాలుగేళ్ళకు అతడే కోచ్ అవుతాడు. క్రీడా కోటాలో బడికి వ్యాయామ ఉపాధ్యాయుడుగానూ రావచ్చు. ఆటగాడికీ కోచ్‌కీ మధ్య మన దగ్గర గోడ లేదు. అందుకే పిల్లల మీద, ఆడవాళ్ళ మీద నేరం చేసి శిక్ష పడినవాడిని, అప్పీళ్ళన్నీ ముగిసిన తరువాత, మైదానంలోకి ఎప్పటికీ రానివ్వకూడదని నా అభిప్రాయం. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం మహిళలకూ మైనర్లకూ రక్షణ కల్పించే విధానం ఉండాలని చెబుతోంది. అది కాగితం మీద మిగిలిపోకుండా ఉండాలంటే పల్లె కమిటీల దాకా రావాలి. నా దగ్గర ఒక పిల్ల రెండేళ్ళు అద్భుతంగా ఆడింది. పక్క ఊరి మైదానంలో సాధన అనగానే వాళ్ళ నాన్న మాన్పించాడు. కారణం అడిగితే, అక్కడ ఎవరెవరు ఉంటారో మీకు తెలుసా అమ్మా అన్నాడు. తెలియదని చెప్పడం తప్ప నా దగ్గర జవాబు లేకపోయింది.

కావలి కూత గారి ఊరి కుర్రవాడిది వేరే నేరం. అతణ్ణి ఈ గాటన కట్టడం లేదు. కాని ఆ తల్లి గురించి మీరు రాసిన మూడు వాక్యాలే నా మనసులో ఎక్కువసేపు ఉన్నాయి.


ఒంగోలు వకీలు
డిసెంబరు 18, రాత్రి 8:50

టీచరమ్మ గారితో పిల్లల విషయంలో నాకు భేదం లేదు. అక్కడ నేను గోడ కట్టడానికి సిద్ధమే. ఒక్క మాట చేర్చాలి. మన దేశంలో శిక్ష తరువాత ఆట అన్న ప్రశ్న అరుదుగా వస్తుంది, ఎందుకంటే తీర్పు వచ్చేసరికి ఆడే వయసు దాటిపోతుంది. నవజ్యోత్ సిద్ధూ మీద 1988లో పాటియాలాలో ఒక పెద్దాయన మరణానికి సంబంధించి కేసు నమోదైంది. కేసు నడుస్తుండగానే అతడు 1999 వరకు భారత జట్టుకు ఆడాడు. సుప్రీంకోర్టు చివరికి ఏడాది జైలు వేసింది 2022లో. మరోవైపు, అజారుద్దీన్‌పై 2000లో బోర్డు విధించిన జీవితకాల నిషేధం చెల్లదని మన హైకోర్టు చెప్పింది 2012లో. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు, టెస్టులు 99 దగ్గరే ఆగిపోయాయి. ఆడకూడనప్పుడు ఆడడం, ఆడవలసినప్పుడు ఆడలేకపోవడం, రెండూ ఆలస్యం వల్లనే జరుగుతున్నాయి. ఈ కుర్రవాడి కేసు రెండేళ్ళలో తేలి, శిక్ష ముగిసి, ఇంకా కాళ్ళలో సత్తువ ఉండగానే బయటికి రావడం చాలా అరుదు.


కందుకూరు చిన్నోడు
డిసెంబరు 19, ఉదయం 5:30

రాత్రంతా ఈ చర్చ చదివాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

మా అన్నను పొలం గట్టు తగాదాలో చంపారు. నేను అప్పుడు పదో తరగతి. చంపినవారిలో ఒకతనికి శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు. ఇప్పుడు మా ఊరి అడ్డరోడ్డు దగ్గర ట్రాక్టర్ల మరమ్మతు షెడ్డులో పనిచేస్తున్నాడు. నేను రోజూ అటువైపే బండి మీద వెళతాను. వెల్డింగ్ చేస్తూ ముఖానికి అద్దం అడ్డం పెట్టుకుని ఉంటాడు. అతడు పని చేసుకోవడం మీద నాకు కోపం లేదు, అతడికీ ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళు అన్నం తినాలి. మా అమ్మ మాత్రం రేషన్ దుకాణానికి ఆ దారిన వెళ్ళదు, చెరువు చుట్టూ తిరిగి వెళుతుంది. తొమ్మిదేళ్ళుగా అంతే.

రెండేళ్ళ క్రితం తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు జరిగాయి. అతడు గిత్తలు తోలడంలో దిట్ట. అందులోనూ నాకు అభ్యంతరం లేకపోయింది. కాని పోటీల ఫ్లెక్సీలో అతడి ఫొటో వేశారు. తలపాగా, మెడలో పూలదండ, రెండు చేతులూ జోడించి నవ్వుతూ, కింద "మన ఊరి సింహం" అని అక్షరాలు. ఆ ఫ్లెక్సీని బస్సు దిగే చోట కట్టారు. ఊళ్ళోకి రావాలంటే ఎవరైనా దాని కింద నుంచే రావాలి. అమ్మ ఆ రోజు ఒంగోలు ఆసుపత్రి నుంచి వస్తూ బస్సు దిగింది. ఫ్లెక్సీని చూసి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి అన్న చొక్కాలు ఉన్న ట్రంకుపెట్టె తెరిచి, ఒక్కొక్కటీ తీసి మడత విప్పి, మళ్ళీ మడత పెట్టింది. దీపం పెట్టే వేళ దాకా అదే పని.

అతడు బతకడానికి నేను అడ్డం రాను. అతణ్ణి సింహం అనడానికి అడ్డం వస్తాను. పనికీ సన్మానానికీ మధ్య తేడా ఉంది, ఆటలో ఆ రెండూ కలిసిపోతాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఆటగాణ్ణి ఆడనిచ్చి చప్పట్లు కొట్టవద్దని జనానికి చెప్పలేం కదా. కమిటీవాళ్ళు మా ఇంటికి వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే నేను ఏమనేవాడినో నాకే తెలియదు. అడగలేదన్నదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కావలి కూత గారూ, మీరు ఇక్కడ మమ్మల్ని అడిగే ముందు ఆ తల్లిని అడిగారా?


పొదిలి పెద్దాయన
డిసెంబరు 19, ఉదయం 10:15

నేను జైలు శాఖలో వార్డరుగా చేసి పదవీ విరమణ పొందాను. బయటివారు జైలు అనగానే కొట్లాటలు ఊహించుకుంటారు. నేను చూసిన జైలులో సాయంత్రం లాకప్పుకు ముందు ముప్పావు గంట వాలీబాల్ ఆడేవారు. ఆ ముప్పావు గంటలో ఎవరూ ఎవరి కేసూ అడిగేవారు కాదు.

ఒక కుర్రవాడు ఉండేవాడు, కబడ్డీ ఆడేవాడు. జైలులో కబడ్డీకి అనుమతి లేదు, దెబ్బలు తగులుతాయని. రాత్రి గస్తీకి వెళ్ళినప్పుడు బ్యారక్ ఊచల దగ్గర సన్నగా గొణుగుడు వినిపించేది. మొదట జపం అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి వింటే, కళ్ళు మూసుకుని పడుకుని, ఒక్క ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అని పెదవులతో అంటున్నాడు. ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు. పక్కవాళ్ళ నిద్ర చెడకుండా. ఆ ఊపిరి తప్ప తనదంటూ అతడి దగ్గర ఏమీ మిగల్లేదని అప్పుడు నాకు అనిపించింది. అటువంటి మనిషిని బయటికి వచ్చాక ఆడవద్దంటే, లోపల మేము పడిన శ్రమంతా దేనికని అడగాలనిపిస్తుంది.

అయితే అందరూ అలా ఉండరు. చేసింది తప్పని లోపల ఏడ్చినవారినీ చూశాను, దొరికిపోయామని ఏడ్చినవారినీ చూశాను. ఇద్దరికీ ఒకే రెమిషన్ వస్తుంది, గేటు దగ్గర ఇద్దరికీ ఒకే కాగితం ఇస్తాం. తేడాను కనిపెట్టవలసింది ఊరు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ గురించి పేపర్లో చదివి గుర్తుపెట్టుకున్నాను. కుక్కల పందేలు నడిపి, కుక్కలను క్రూరంగా చంపిన కేసులో 2007లో 23 నెలల శిక్ష పడింది. 2009లో లీగు అతణ్ణి షరతుల మీద తీసుకుంది. అతడు జంతు సంక్షేమ సంస్థతో కలిసి పిల్లల దగ్గరికి వెళ్ళి తాను చేసిన పని గురించి మాట్లాడాడు. మీ కుర్రవాడు ఆ ఇంటి గడప తొక్కి ఏమైనా మాట్లాడాడా? నాకు కావలసింది ఆ సమాచారం.


ఆత్మకూరు రైడర్
డిసెంబరు 19, రాత్రి 7:30

పెద్దలందరికీ నమస్కారం. నాకు ఇరవై రెండేళ్ళు, జట్టులో కవర్ కూడా ఆడతాను. హఫీజ్ గారి సంగతి చదివినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. క్రికెట్‌లో సాటి ఆటగాడు యాభై గజాల దూరంలో నిలబడతాడు. కబడ్డీలో అలా కాదు. అవతలి రైడర్ కూతకు వచ్చినప్పుడు మేము చేతులు పట్టుకుని గొలుసు కడతాం. వేళ్ళు వేళ్ళలో దూర్చి, మణికట్టు బిగించి పట్టుకోవాలి. ఆ పట్టు వదులైతే పాయింట్ పోవడమే కాదు, పక్కవాడి భుజం జారుతుంది. నా పక్కన ఉన్నవాడి చెయ్యి ఒక ప్రాణం తీసిన చెయ్యి అయితే నేను అంత గట్టిగా పట్టుకోగలనా? నిజాయితీగా చెప్పాలంటే మొదటి రోజు పట్టుకోలేను. వారం రోజుల సాధన తరువాత పట్టుకుంటానేమో. మీ ఊరి జట్టు కుర్రవాళ్ళే అతణ్ణి అడుగుతున్నారంటే, చనిపోయిన కార్నర్ ప్లేయర్ వాళ్ళకు ఇక గుర్తు లేడా, లేక గుర్తుండే అడుగుతున్నారా? ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా జాబితా రాయవద్దని నా మనవి.


పెన్న ఒడ్డు
డిసెంబరు 19, రాత్రి 9:00

నేను నా మొదటి మాటను కొంత దిద్దుకోవాలి. ఆమిర్ ఉదాహరణ ఇక్కడ పూర్తిగా అతకదు. అతడు ద్రోహం చేసింది ఆటకు. ఆట, అంటే బోర్డూ అభిమానులూ, క్షమించే హక్కు ఉన్నవారే క్షమించారు. కందుకూరు మిత్రుడు రాసింది చదివిన తరువాత అర్థమైంది ఏమిటంటే, మనిషికి జరిగిన నష్టాన్ని క్షమించే అధికారం స్టేడియంలో కూర్చున్న నాకు లేదు. నేను కొట్టే చప్పట్లు వేరొకరి ఖాతా నుంచి ఖర్చు పెట్టడమే అవుతుంది.


కావలి కూత
జనవరి 4, రాత్రి 10:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కందుకూరు చిన్నోడు గారి ప్రశ్నకు జవాబు లేకుండా మళ్ళీ ఇక్కడికి రావాలనిపించలేదు. అడగలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ గడప తొక్కడానికి కమిటీలో ఎవరికీ ముఖం చెల్లలేదు.

పోయిన ఆదివారం నేనూ, మరొక పెద్దమనిషీ వెళ్ళాం. ఆ తల్లి చేటలో బియ్యం చెరుగుతూ ఉన్నారు. సంగతి చెప్పాం. చాలాసేపు చెరుగుతూనే ఉన్నారు. తరువాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న, వాడి మోకాలు బాగైందా అని. మాకు ఒక క్షణం అర్థం కాలేదు. జైలుకు వెళ్ళక ముందు అతడికి మోకాలి దెబ్బ ఉండేది, ఇద్దరూ చిన్నప్పుడు ఆ ఇంటి అరుగు మీదే పసుపు కట్టు కట్టించుకునేవారట. ఆడితే ఆడనీయండి, వాణ్ణి ఆపితే నా బిడ్డ వస్తాడా అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే ఆమె కూతురు లోపలి నుంచి వచ్చి, అమ్మ ఒప్పుకుంటే నేను ఒప్పుకున్నట్టు కాదు, మా అన్న ఆడిన గీతల మధ్య అతడి పేరు చెప్పి చప్పట్లు కొడితే నేను ఈ ఊళ్ళో ఉండను అంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకునే హక్కు మాకు ఉన్నదని నేను అనుకోవడం లేదు.

అదే సాయంత్రం అతడితోనూ మాట్లాడాను. పెద్దాయన గారు కోరిన సమాచారం ఇది. విడుదలైన వారం రోజులకు తెల్లవారుజామున ఆ ఇంటి ముందు దాకా వెళ్ళి, తలుపు కొట్టలేక తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి చెరువుకట్ట మీద పరుగు ఆ ఇంటి వెనుక మలుపు దగ్గర ఆపి, వెనక్కి తిరుగుతాడు. కూతురు అన్న మాట దాచకుండా చెప్పాను. తల వంచుకుని విన్నాడు. ఆత్మకూరు తమ్ముడి ప్రశ్నను జట్టు కుర్రవాళ్ళ ముందు పెడితే, ఇద్దరు తాము గొలుసులో చెయ్యి కలపలేమని మొదటిసారిగా బయటికి చెప్పారు. అంతవరకు మొహమాటానికి ఊరుకున్నారు.

కమిటీ ఈ రోజు రాసుకున్న తీర్మానం ఇది. ఈ ఏడాది మా ఊరి కోర్టులో అతడు ఆడడు. ఇది ఈ ఒక్క ఏడాదికే, వచ్చే నెలగంటకు మళ్ళీ కూర్చుంటాం, అప్పుడూ ముందుగా ఆ ఇంటికే వెళతాం. వకీలు గారు చెప్పినట్టు కారణం కూడా రాశాం. పొరుగూళ్ళలో జరిగే పోటీలకు వెళ్ళే జట్టులో అతడు ఉంటాడు, ఫ్లెక్సీలో ఎవరి ఫొటోలూ వేయడం లేదు. చెయ్యి కలపలేమన్న ఇద్దరూ ఆ జట్టుకు రాకపోయినా వాళ్ళను ఎవరూ నిలదీయకూడదని కూడా అనుకున్నాం. ఆరుగురు ఒప్పుకున్నారు, ఐదుగురు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివారిలో ఇద్దరు అతడు ఇక్కడే ఆడాలన్నవారు, ముగ్గురు ఎక్కడా ఆడకూడదన్నవారు. నేను ఆరుగురిలో ఉన్నాను, కాని రాత్రి నిద్ర పట్టనప్పుడు అది సరైన పనే అని గట్టిగా చెప్పుకోలేకపోతున్నాను.

జాబితా రేపు ఇస్తాం. మైకు స్తంభానికి చెరువు వైపున కొత్త గుంట తవ్వించాను, స్పీకర్లు నీళ్ళ వైపు తిప్పి కడతారు.